రెండో స్వరం

నాకు ముక్కు మీదే కోపమని మా ఆయన కనిపించిన వాళ్ళందరితో చెబుతారు. అది అన్యాయం. ముక్కు దాకా ఎక్కేంత తీరిక నా కోపానికి ఎక్కడిది? ఫోను ఎత్తేసరికే నాలుక మీద ఉంటుంది.

ఆ రోజూ అంతే. కొత్త ఆసిలేటర్ అరగంటగా బల్ల మీద వేడెక్కుతోంది. ఫ్రిజ్ ప్లగ్గు పీకేశాను, ఫ్యాను ఆపేశాను, కిటికీ మూసేశాను. పక్కగదిలో ఉన్న మా ఆయన్ని పేపరు తిప్పొద్దని, చదివిన పేజీనే మళ్ళీ చదువుకోమని కేకేశాను. సన్నటి స్క్రూడ్రైవర్ పట్టుకుని ఊపిరి బిగబట్టి వంగానో లేదో, ఫోను మోగింది.

“నేనేనండీ, పళ్ళ డాక్టర్ని. మీ ఆసిలేటర్లో ఆ రెండో స్వరం ఇంకా వినపడుతూనే ఉందండీ.”

ఆయన ఫోను చేయడం అది మూడోసారి. పొద్దస్తమానం నోళ్ళలో డ్రిల్లు పెట్టి, సాయంత్రం ఇంటికెళ్ళి సింథసైజర్ వాయించుకునే మనిషి.

“మా దగ్గరికొచ్చి వినండి, శుభ్రంగా ఉంటుంది,” అన్నాను.

“కిందటి నెల వచ్చి విన్నాను కదండీ. అక్కడ శుభ్రంగానే ఉంది. ఇంటికి తీసుకొస్తే మళ్ళీ...”

“అయితే లోపం మీ ఇంట్లో ఉందన్నమాట. అదీ కాకపోతే మీ చెవుల్లో ఉంది. ఇరవై ఏళ్ళుగా చేస్తున్నాను, మా గదిలో కూర్చుని విన్నవాళ్ళు ఒక్కరంటే ఒక్కరు కూడా ఇలా అనలేదు. వెళ్ళి చెవి డాక్టరుకి చూపించుకోండి. డాక్టరూ డాక్టరూ మాట్లాడుకుంటే త్వరగా తేలుతుంది.”

ఫోను పెట్టేశాను. పక్కగదిలోంచి పేపరు తిప్పిన చప్పుడు వినిపించింది.

“పాపం, నెమ్మదస్తుడిలా ఉన్నాడు,” అన్నారు మా ఆయన.

“ఆ పేజీ తిప్పొద్దన్నానా?”

నేనెందుకంత ఎగిరిపడ్డానో తెలియాలంటే నా పనేమిటో కాస్త చెప్పాలి. మాడ్యులర్ సింథసైజర్ అంటే వెడల్పాటి చెక్క అల్మారా అనుకోండి. అందులో లోహపు పలకలున్న ముక్కల్ని వరసగా బిగిస్తారు. ఒక ముక్క స్వరాన్ని పుట్టిస్తుంది, ఒకటి దాన్ని పెంచి తగ్గిస్తుంది, ఇంకొకటి దాని గొంతు మారుస్తుంది. రంగురంగుల తీగలతో ఒకదాన్నొకటి కలుపుకుంటూ వాయిస్తారు. స్వరం పుట్టించే ముక్క పేరు ఆసిలేటర్. నేను చేసేది అదొక్కటే. పలకల మీద అక్షరాలు మా ఆయన రాస్తారు. అక్షరాలు ముత్యాల్లా ఉంటాయి, ఆ విషయంలో మాత్రం నోరెత్తడానికి లేదు.

మా ఆసిలేటర్లో మొదట పుట్టేది త్రికోణపు అల. తిన్నగా ఎక్కి తిన్నగా దిగుతుంది, మొనలు కోసుగా ఉంటాయి. ఆ మొనల్ని సర్క్యూట్‌తో నున్నగా గుండ్రం చేస్తే సైన్ అల వస్తుంది. అందులో ఉండేది ఒకే ఒక్క స్వరం, దాని పక్కన ఇంకేమీ ఉండకూడదు. చెప్పడానికి ఒక్క ముక్క, చేసేటప్పుడు ప్రాణం పోతుంది. లోపల స్క్రూడ్రైవర్‌తో తిప్పే రెండు చిన్న ట్రిమ్మర్లుంటాయి. మొదటిది మొనల గుండ్రతనం చూసుకుంటుంది. రెండోది అల పై సగాన్నీ కింది సగాన్నీ సమానం చేస్తుంది. ఈ రెండోదాన్ని వెంట్రుకవాసి అటో ఇటో తిప్పితే చాలు, అదే స్వరం పై స్థాయిలో సన్నగా తొంగి చూస్తుంది. దాన్నే మేం రెండో స్వరం అంటాం. అలని గీసి చూపించే యంత్రం తెర మీద చూస్తే అంత చిన్న వంకర కంటికి ఆనదు. చెవితోనే పట్టుకోవాలి.

అలా పట్టుకునే చెవి నాకుందని నాకు మహా గర్వం. రేడియోలు బాగుచేసే మా మామగారు పోతూపోతూ ఒక వడపోత పెట్టె ఇచ్చి వెళ్ళారు. అసలు స్వరాన్ని అది మింగేసి మిగిలిన చెత్తని మాత్రం వినిపిస్తుంది. అల శుద్ధంగా ఉంటే ఏమీ వినపడదు. మొదట్లో దాన్నే వాడేదాన్ని. తర్వాత్తర్వాత చెవి మీద నమ్మకం ముదిరి, దాన్ని బల్ల కిందికి కాలితో తోసేశాను.

మామగారు ఇచ్చిన రెండో వస్తువు ఆయన స్వహస్తాలతో చేసుకున్న స్పీకర్. టేకు పెట్టె, ముందు మందపాటి ఇనుప జాలీ. దాన్ని మాత్రం నెత్తిన పెట్టుకున్నాను. ఎనిమిదేళ్ళ కిందట బల్ల మీద చోటు చాలక వెల్లకిలా పడుకోబెట్టాను. అప్పట్నుంచి అది సీలింగు వైపు చూస్తూ పాడుతోంది. నా పద్ధతి ఏనాడూ మారలేదు. అదే స్పీకర్, అదే స్వరం, వాల్యూమ్ బొత్తాం ఎర్ర గీత దగ్గర. పై స్వరం మాయమయ్యేదాకా ట్రిమ్మర్ తిప్పడం, మాయమవగానే దాని మీద ఒక చుక్క ఎర్ర లక్క వేసి ముద్ర వేయడం. ఈ హడావుడిలో ఫ్రిజ్ ప్లగ్గు మళ్ళీ పెట్టడం నాకెప్పుడూ గుర్తుండదు. పాలు విరిగిన రోజు ఆసిలేటర్ బాగా కుదిరినట్టని మా ఆయన లెక్క.

సరే, పళ్ళ డాక్టరు ఎలా పోయినా నాకు ఫరవాలేదు. రెండో స్వరం ఉందని వదిన కూడా అంటోంది, అదీ అసలు తలనొప్పి.

వదిన అంటే మా ఆయనకి అక్క. మాడ్యులర్ వాయించడంలో ఆవిడకి సాటి ఎవరూ లేరని నేనంటే మీరు నమ్మక్కర్లేదు, నాలుగు రోజుల ముందే నిండిపోయే హాళ్ళు చెబుతాయి. మెత్తటి మనిషి. ఎవర్నీ పల్లెత్తు మాట అనదు. అందుకే ఆవిడ ఏమైనా అంటే నాకు ఇంకా ఎక్కువ మండుతుంది.

“కొత్తదాంట్లో పైన ఏదో ఉందే,” అంది ఏడాది కిందట. “నువ్వు మొదట్లో చేసిచ్చిన పాతదాంట్లో లేదు.”

“రెండూ పట్టుకురండి వదినా, మీ ముందే తేలుస్తాను,” అన్నాను.

తెచ్చింది. మామగారి స్పీకర్లో కొత్తది పెట్టాను. కడిగిన ముత్యం. పాతది పెట్టాను. పైన రెండో స్వరం కూర్చుని కూనిరాగం తీస్తోంది.

“విన్నారా? పాడైంది మీ పాతది. వయసైపోయింది పాపం,” అని, అక్కడికక్కడే లక్క గీకేసి, ట్రిమ్మర్ తిప్పి, పాతదాన్ని కూడా కొత్తదానిలా చేసిచ్చాను. మంచి పని చేశానని ఆ పూట రెండు ముద్దలు ఎక్కువ తిన్నాను కూడా.

వదిన ఇంటికి వెళ్ళిన గంటకి ఫోను చేసింది. గొంతు పూర్తిగా మారిపోయింది. “ఇప్పుడు పాతదాంట్లో కూడా వినపడుతోందే. అయితే ఇది నా చెవుల్లోదే అన్నమాట.”

నేను కాదనలేదు. ఆ మాట ఇప్పుడు తలుచుకుంటే నా చెంపలు నేనే వాయించుకోవాలనిపిస్తుంది.

ఆవిడ చెవి డాక్టరు దగ్గరికి వెళ్ళింది. వయసుకి తగ్గట్టే ఉన్నాయి, కొందరికి చెవుల్లో ఏవో స్వరాలు మోగడం మామూలే, కంగారు పడకండి అని చుక్కల మందు రాసిచ్చారట. “అక్కడ పరీక్షలో వినిపించిన బీప్‌లలో మాత్రం ఏమీ లేదే,” అంది నాతో. “అరసెకను బీప్‌లలో ఏం తెలుస్తుంది వదినా,” అని ఆ దారి కూడా నేనే మూసేశాను.

అలా ఏడాది గడిచింది. ఆవిడ కచేరీకి ఇంకా పదిహేను రోజులున్నాయనగా ఆవిడే మా ఇంటికొచ్చింది. ఆ కచేరీ కోసం కొత్త రచన చేసుకుంది. దాని మొదలే ఒకటిన్నర నిమిషం పాటు ఒకే ఒక్క సైన్ స్వరం, ఇంకేమీ లేకుండా. కుర్చీలో కూర్చుంటూనే చెప్పింది.

“వాయించనని చెప్పేశాను. అది నా ఆఖరి కచేరీ అవుతుందనుకున్నాను, అదీ వద్దనిపించింది. శుద్ధమైన స్వరం వింటూ కూడా అందులో లేనిది వినేదాన్ని, ఇంక నేనేం వాయిస్తాను? తమ్ముడూ, అల్మారా తెచ్చేసుకోండిరా. ఇంట్లో ఎదురుగా ఉంటే చూడలేకపోతున్నాను.”

మా ఆయన అక్క చెయ్యి పట్టుకుని కూర్చున్నారు. నేను వంటగదిలోకి వెళ్ళి, కడిగిన గిన్నెలే మళ్ళీ కడిగాను. నలభై ఏళ్ళు వాయించిన మనిషి. ఏడుపొస్తే నాకు అంట్లు తోమడం తప్ప ఇంకేమీ చేతకాదు.

మర్నాడు అల్మారా వచ్చింది. దాన్ని మెట్లెక్కించడానికి మా ఆయనా, కింద సైకిళ్ళు బాగుచేసే ఆయనా నానా తిప్పలు పడ్డారు. తీరా పైకి తెచ్చాక గదిలో పెట్టడానికి చోటు లేదు.

“ఈ స్పీకర్ని కాసేపు అవతల పెడతాను,” అన్నారు మా ఆయన.

“దాన్ని ముట్టుకుంటే ఊరుకోను.”

“అయితే మా అక్క అల్మారాని నీ నెత్తి మీద పెట్టమంటావా?”

స్పీకర్ పక్కగదిలోకి వెళ్ళింది. అల్మారా బల్ల పక్కన నిలబడింది. దాని కొసన వదిన హెడ్‌ఫోన్ కొక్కేనికి వేలాడుతోంది, చెవుల దగ్గర తోలు నలిగి మెత్తబడిపోయి ఉంది. నాకెందుకో దాన్ని చూడగానే మనసు ఆగలేదు. అల్మారా ఆన్ చేశాను. అరగంట వేడెక్కనిచ్చి, హెడ్‌ఫోన్ పెట్టుకుని, పాత ఆసిలేటర్ సైన్ తీగ గుచ్చాను.

పైన సన్నగా రెండో స్వరం.

కొత్తదానికి మార్చాను. అక్కడా అదే స్వరం.

నేను ఎగిరి గంతేశాను. “ఏవండీ! ఇలా రండి! వదిన చెవులు బంగారం! పాడైంది ఈ దిక్కుమాలిన హెడ్‌ఫోనూ!”

మా ఆయన కుంచె పట్టుకునే వచ్చారు, వేళ్ళకి నల్లరంగు. నేను చెప్పిందంతా విని, నిమ్మకు నీరెత్తినట్టు నిలబడి, “మరి ఇంట్లో స్పీకర్లలో కూడా వినపడుతోందనేదిగా అక్క?” అన్నారు.

“అవీ పాడై ఉంటాయి.”

“పళ్ళ డాక్టరుగారి ఇంట్లోవి?”

“అవీనూ.”

“ఊరందరివీనా?”

నేను మెట్లు దిగి, సైకిళ్ళాయన పాటలు వినే ఇయర్‌ఫోన్ అడిగి పట్టుకొచ్చాను. గ్రీజు వాసన. రెండో స్వరం అందులోనూ ఉంది. మా ఆయన ఫోనుతో వచ్చినవి పెట్టాను. వాటిలోనూ ఉంది. చివరికి పక్కగదికి తీగ లాగి మామగారి స్పీకర్లో పెట్టాను.

అక్కడ మాత్రం శుభ్రంగా ఉంది.

“అంటే,” అన్నారు మా ఆయన నెమ్మదిగా, “శుభ్రంగా ఉందని చెప్పేది ఆ ఒక్క స్పీకరేనన్నమాట.”

“మీరు కాసేపు నోరు మూసుకుంటారా?”

బల్ల కింద దూరాను. వడపోత పెట్టెని బయటికి లాగాను. దాని మీద ఎనిమిదేళ్ళ దుమ్ము, ఒక చచ్చిన బొద్దింక. తుడిచి, కలిపి, బొత్తాం తిప్పుతూ అసలు స్వరాన్ని మింగించాను. నా అల శుద్ధమైనదైతే మిగిలేది ఏమీ ఉండకూడదు. మిగిలింది. పై స్థాయి స్వరం ఒక్కటే, హాయిగా, నన్ను వెక్కిరిస్తున్నట్టుగా. బీరువాలో అమ్మకానికి సిద్ధంగా ఉన్న ఆరింటినీ వరసగా పెట్టాను. ఆరింటిలోనూ అంతే. ఒకటైనా తప్పించుకుంటుందేమోనని చూశాను, లేదు.

అప్పుడు స్పీకర్ జాలీ విప్పాను. నడుమ ఉండాల్సిన కాగితపు శంకువు ఎనిమిదేళ్ళు వెల్లకిలా పడుకుని పడుకుని తన బరువుకి తానే లోపలికి దిగిపోయింది. స్కేలు పెట్టి కొలిస్తే తెలుస్తోంది. పైకి ఒకలా, కిందికి ఒకలా ఊగుతోంది. అంటే రెండో స్వరం పుట్టేది స్పీకర్లో. అది వినపడకుండా చేయడానికి నేను ట్రిమ్మర్ని ఎదురు వైపుకి తిప్పేదాన్ని. స్పీకర్ వంకరా, నేను పెట్టిన వంకరా ఒకదాన్నొకటి కొట్టేసుకుని నా గదిలో శుద్ధమైన సైన్ వినిపించేది. గుమ్మం దాటితే నా వంకర ఒక్కటే మిగిలేది. దాన్ని పడుకోబెట్టిందీ నేనే. చోటు కోసం.

ఇంకా ఘోరం ఏమిటంటే, వదిన పాత ఆసిలేటర్. స్పీకర్ నిలబడి ఉన్న రోజుల్లో చేసింది, వడపోత పెట్టెతో సరిచూసింది. ఆవిడ దగ్గరున్న నా ఆసిలేటర్లలో సరిగ్గా ఉన్నది అదొక్కటే. దాన్ని పట్టుకుని, ఆవిడ కళ్ళ ముందే, లక్క గీకి మరీ చెడగొట్టాను.

నేల మీద చతికిలబడ్డాను. మా ఆయన పక్కన కూర్చున్నారు. ఏమైనా అంటారేమో, అంటే గట్టిగా అరుద్దామని చూశాను. ఆయన లేచి వెళ్ళి ఫ్రిజ్ ప్లగ్గు పెట్టి వచ్చారు.

వడపోత పెట్టెతో పాత ఆసిలేటర్ని మళ్ళీ సరిచేయడానికి మధ్యాహ్నమంతా పట్టింది. మిగిలిన చెత్త సన్నగిల్లి, ఇంకా సన్నగిల్లి, చివరికి ఉత్త గాలి చప్పుడైంది. దాన్ని చిన్న పెట్టెలో బిగించుకుని, హెడ్‌ఫోన్ సంచిలో వేసుకుని వదిన ఇంటికి వెళ్ళాను. దారి పొడుగునా ఏం చెప్పాలో వల్లె వేసుకున్నాను. క్షమించండి అనే మాట నా నోటికి అలవాటు లేదు. పెళ్ళైన కొత్తలో ఒకసారి అన్నట్టు గుర్తు, అదీ బస్సులో ఎవరి కాలో తొక్కి.

అల్మారా ఉండే చోట గోడ తెల్లగా, చదరంగా కనిపిస్తోంది. వదిన దానికి వీపు పెట్టి కూర్చుంది.

“ఇది వినండి,” అన్నాను హెడ్‌ఫోన్ చాపి.

“వద్దే. ఇప్పుడిప్పుడే కాస్త కుదుటపడుతున్నాను.”

“వదినా, మీ చెవులకేం కాలేదు. తప్పు నాది.”

వల్లె వేసుకున్నదంతా గాలికిపోయింది. స్పీకర్ పడుకోవడం, శంకువు దిగిపోవడం, లక్క గీకడం, అన్నీ ముందువెనకలు లేకుండా చెప్పేశాను. ఆవిడ కళ్ళార్పకుండా విన్నది. చివర్లో, “నువ్వు జాలిపడి కథ అల్లి చెప్పట్లేదు కదా?” అని అడిగింది.

“నాకు జాలా? ఎప్పుడైనా చూశారా?”

అది మాత్రం నమ్మినట్టుంది. హెడ్‌ఫోన్ పెట్టుకుంది. నేను స్వరం ఎత్తాను. ఆవిడ కళ్ళు మూసుకుని, తల కొంచెం పక్కకి వంచి, ఎక్కడో దాక్కున్న మనిషి కోసం చూస్తున్నట్టు వెతికింది. చాలాసేపు.

“లేదు,” అంది.

“ఏంటి లేదు?”

“రెండోది లేదు.”

హెడ్‌ఫోన్ తీసి ఒళ్ళో పెట్టుకుని ఏడ్చింది. నేను గిన్నెల కోసం వంటగది వైపు చూశాను. ఈలోగా ఏడుపు ఆగిపోయి, దిండు ఒకటి వచ్చి నా మొహానికి తగిలింది.

“ఏడాది పాటు! ఏడాది పాటు చెవిలో చుక్కలు వేసుకున్నానే రాక్షసీ! రోజూ పొద్దున, సాయంత్రం!”

రెండో దిండు గురి తప్పింది. మెత్తటి మనిషి అన్నాను చూడండి, ఆ మాట వెనక్కి తీసుకుంటున్నాను.

“క్షమించండి వదినా,” అన్నాను. ఆ మాట వినడానికే విసరడం ఆపినట్టుంది.

కచేరీ వాళ్ళకి ఫోను చేసి, వాయిస్తానని చెప్పింది. కానీ నేను లేచేముందు మెల్లగా అంది. “ఇక్కడ వినపడలేదు సరే. అక్కడ హాల్లో మళ్ళీ వినపడితే? ఏడాదిగా నా చెవుల్ని నేను నమ్మడం మానేశానే. మళ్ళీ ఎలా మొదలుపెట్టాలో తెలియడం లేదు.”

దానికి నా దగ్గర ట్రిమ్మర్ లేదు.

కచేరీ రోజు రానే వచ్చింది, మొదలయ్యేది సాయంత్రం ఆరింటికి. మధ్యాహ్నం మూడింటికే హాలుకి వెళ్ళాం. ఖాళీ కుర్చీలు, వేదిక మీద వదిన అల్మారా, రెండు వైపులా నిలువెత్తు స్పీకర్లు. నిలబడే ఉన్నాయి, అది ముందే చూసుకున్నాను. వెనక అద్దాల గదిలోంచి సౌండ్ ఆయన చెయ్యి ఊపాడు. వదిన తీగ గుచ్చింది. స్వరం లేచి హాలంతా నిండింది.

ఆవిడ ముఖం చూస్తూనే తెలిసిపోయింది. వేదిక మీద ఎడమ వైపుకి నాలుగడుగులు వేసి ఆగింది.

“ఈ స్పీకర్లో... పైన ఏదో ఉందండీ.”

సౌండ్ ఆయన కిందికి వచ్చాడు. భుజం మీద కేబుల్ చుట్ట. “ఎక్కడండీ? నాకేం వినపడట్లేదే. పదిహేనేళ్ళుగా ఇవే స్పీకర్లు. ఒక్కరంటే ఒక్కరు కూడా ఇలా అనలేదు. కావాలంటే మా గదిలోకొచ్చి వినండి, శుభ్రంగా ఉంటుంది.”

ఆ మాటలు నావి. అక్షరం పొల్లుపోలేదు. నేను ఫోన్లో అలా వినపడతానా?

వదిన తడబడింది. “ఏమో... నాకే అనిపిస్తోందేమో. పోనీలెండి,” అంది. చెయ్యి చెవి దగ్గరికి వెళ్ళింది. ఆ పోనీలెండి అనే మాట ఎంత దూరం తీసుకెళుతుందో నాకు తెలుసు. మళ్ళీ ఆ తెల్లటి గోడ దాకా.

సౌండ్ ఆయన నా వైపు తిరిగాడు. “మేడమ్, దీన్ని తయారుచేసింది మీరే కదా. మీరు చెప్పండి, మీకు వినపడుతోందా?”

ఎడమ స్పీకర్ ముందుకి వెళ్ళి నిలబడ్డాను. కళ్ళు మూసుకుని, నా గొప్ప చెవిని దాని మీద పెట్టి విన్నాను. హెడ్‌ఫోన్లో అయితే పట్టేదాన్నేమో. ఆ పెద్ద హాల్లో, గోడలన్నీ తిరిగి పాడుతుంటే, నాకు ఒక్క స్వరమే వినపడింది. కుడి దాని ముందుకి వెళ్ళాను. అదీ అంతే. తేడా లేదు. వదిన నన్నే చూస్తోంది. వినపడుతోందని అబద్ధం చెప్పేస్తే ఒక్క క్షణంలో అయిపోయేది. కానీ జాలిపడి కథలల్లుతానేమోనని అడిగింది ఆవిడ, కాదని మాటిచ్చాను.

“నాకు వినపడటం లేదు,” అన్నాను.

వదిన తల దించుకుంది.

“ఆవిడకి వినపడుతోంది. మార్చండి.”

“మేడమ్, మీరే వినపడటం లేదంటున్నారు...”

“నాకు వినపడకపోతే లేనట్టా? నేనెవర్ని? ఏడాది పాటు ఇదే మాట చెప్పి ఆవిడ చేత చెవుల్లో చుక్కలు వేయించినదాన్ని నేను. ఇంకొకరు ఆ పని చేస్తుంటే చూస్తూ ఊరుకోను. మారుస్తారా, నన్నే మార్చమంటారా?”

సణుక్కుంటూ మార్చాడు. గోదాంలోంచి ఇంకోటి తోసుకొచ్చి బిగించి, పాతదాన్ని పక్కకి జరిపి, మిగిలిన కేబుల్ చుట్టుకుంటూ, “కానివ్వండి,” అన్నాడు. వదిన స్వరం ఎత్తింది. రెండు నిమిషాలు తల వంచి వింది. ఆ తర్వాత చెయ్యి చెవి దగ్గర్నుంచి తీసేసి, అల్మారా మీద పెట్టింది.

కేబుల్ చుట్టడం ఆగిపోయింది. “మళ్ళీ ఒకసారి పాతది పెట్టి చూస్తాను, ఉండండి,” అన్నాడు సౌండ్ ఆయన. పెట్టాడు. విన్నాడు. మళ్ళీ కొత్తది పెట్టి, బుర్ర గోక్కున్నాడు. “నిజమేనండీ,” అన్నాడు, నాతో కాదు, వదినతో. నాకు మాత్రం అప్పటికీ తేడా తెలియలేదు. ఇప్పటికీ తెలియదు.

ఆరింటికి దీపాలు తగ్గాయి. ఒకటిన్నర నిమిషం పాటు ఒకే ఒక్క స్వరం. ఒక్కరు కూడా దగ్గలేదు. మా ఆయన గడియారం చూసుకుంటున్నారు, ఎందుకని తర్వాత అడిగితే, నువ్వు మెలకువగా ఉండి ఇంతసేపు నోరు మూసుకోవడం పెళ్ళైన తర్వాత ఇదే మొదటిసారి, సమయం రాసుకుందామని అన్నారు.

వదిన ఆ తర్వాత గంట సేపు వాయించింది. దాని గురించి రాయడం నా వల్ల కాదు. ఆఖరి కచేరీ మాత్రం కాదది, వచ్చే నెల ఇంకోటి ఉంది.

మర్నాడు పొద్దున్నే స్పీకర్ని నిలబెట్టాను. శంకువు మార్చేదాకా దాంతో మాట్లాడేది లేదు. అమ్మినవాటి పుస్తకం తీశాను. ఎనిమిదేళ్ళలో నూట పద్నాలుగు ఆసిలేటర్లు. అన్నీ వెనక్కి తెప్పించి సరిచేయాలి. మొదటి ఫోను ఎవరికి చేయాలో ఆలోచించక్కర్లేదు. అయినా మూడుసార్లు నంబరు నొక్కి మూడుసార్లు పెట్టేశాను. నాలుగోసారి ఆయనే ఎత్తారు. వెనక డ్రిల్లు చప్పుడు.

“నేనండీ, ఆసిలేటర్ చేసేదాన్ని. మీ చెవులు సరిగ్గానే ఉన్నాయండీ. రెండో స్వరం ఉంది. మొదట్నుంచీ ఉంది. తప్పు నాది.”

డ్రిల్లు ఆగింది.

“మీరు చెప్పారని చెవి డాక్టరుకి చూపించుకున్నానండీ,” అన్నారు పళ్ళ డాక్టరు. “ఏమీ లేదన్నారు. అయినా నాకు వినపడుతూనే ఉంటే భయమేసి, వాయించడం మానేశాను. పెట్టెలో పెట్టేసి అటక మీద పడేశాను.”

పక్కగదిలో మా ఆయన పేపరు తిప్పడం ఆపేశారు.

“దించి ఉంచండి,” అన్నాను. “ఆదివారం మీ ఇంటికే వస్తున్నాను. మీ ఇంట్లో, మీ స్పీకర్లో పెడదాం. స్క్రూడ్రైవర్ నేను తిప్పుతాను. ఆగమని మీరు చెప్పండి.”